అన్నప్రాశన సరే, అన్నం పెట్టే చేతులేవి?

తల్లులకు తెలియదట! ఆరో నెల నిండగానే పిల్లకు మెత్తటి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టాలని పల్లెటూరి తల్లులకు తెలియదట. తెలియకపోవటం వల్లనే పిల్లలు బక్కచిక్కిపోతున్నారట, రక్తం లేక పాలిపోతున్నారట. ఈ మాట ప్రభుత్వం అంటుంది, డాక్టర్లు అంటారు, నిధులిచ్చే సంస్థలు అంటాయి. విచారమేమిటంటే మన మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఇదే పాట అందుకున్నాయి. 2018 నుంచి ఏటా సెప్టెంబరులో పోషణ మాసం వస్తుంది. అంగన్‌వాడీ ముందు టెంటు వేస్తారు. బల్ల మీద పళ్ళేలలో పెసలు, రాగులు, మునగాకు, కోడిగుడ్లు, బొప్పాయి ముక్కలు రంగుల వారీగా అమరుస్తారు. ఒకమ్మాయి మైకు పట్టుకుని చెబుతుంది, తల్లులు వింటారు, ఫోటో తీస్తారు, ఆ ఫోటో పై ఆఫీసుకు పోతుంది. మర్నాడు తెల్లారకముందే తల్లులు పనికి పోతారు.

నల్లగొండ జిల్లాలో అలాంటి ఒక మీటింగులో నేను వెనక చాప మీద కూర్చుని ఉన్నాను. ట్రైనింగ్ ఇవ్వటానికి వచ్చినావిడ మంచి మనిషే, ఓపిగ్గా చెబుతోంది. ఎనిమిది నెలల పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒకామె మధ్యలో లేచింది. "అక్కా, నువ్వు చెప్పినయన్ని మా ఇంట్ల ఉన్నయి. బియ్యమున్నయి, పప్పున్నది, గుడ్లు అంగన్‌వాడీల ఇస్తున్నరు. నేనే ఇంట్ల ఉండను. పొద్దుగాల ఏడింటికి పత్తి ఏరబోతే మల్ల పొద్దుగూకినంకనే వచ్చుడు. నువ్వు చెప్పినట్టు నాలుగుసార్లు ఎవరు పెట్టాలె?" అంది. ట్రైనింగ్ ఆవిడ కాస్త తడబడి, "మీ అత్తమ్మ ఉంటుంది కదమ్మా" అంది. "మా అత్త నా ఎంబడే వస్తది పత్తికి" అంది ఆమె. అందరూ నవ్వారు. ఆ తరువాతి అంశం చేతులు కడుక్కోవటం.

ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తేల్చకుండా ఎన్ని పోస్టర్లు అంటించినా వృథా అని నా వాదన.

ముందు పిల్ల పొట్ట లెక్క చూద్దాం. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు. (పాత పుస్తకాలలో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తిండి మొదలుపెట్టమని ఉండేది. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలని తేల్చింది.) ఆరు నెలలు నిండాక పాలు మాన్పించమని ఎవరూ చెప్పటం లేదు. రెండేళ్ళ దాకా, ఆపైన కూడా పాలిస్తూనే తిండి కలపాలి. బిడ్డ తల్లి కడుపులో దాచుకుని తెచ్చుకున్న ఇనుము ఆపాటికి తరిగిపోతుంది. పాలు ఇచ్చే శక్తి ఇక చాలదు. పాలు పోను ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకు తిండి నుంచి రోజుకు దాదాపు 200 కేలరీలు రావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలప్పుడు 300, ఏడాది దాటాక 550. పెద్దవాళ్ళకు ఇదొక లెక్క కాదు. కానీ పిల్ల పొట్ట ఎంత? బరువులో కిలోకి 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల పిల్లకు పట్టేది ఒక గ్లాసుడు. పల్చటి జావ పోస్తే ఆ గ్లాసు నీళ్ళతోనే నిండిపోతుంది, పిల్ల నిద్రపోతుంది, కడుపు నిండిందని అందరం అనుకుంటాం. అందుకే చెంచా నుంచి జారిపోనంత చిక్కగా పెట్టాలి, ఒక చుక్క నెయ్యో నూనో వెయ్యాలి, అన్నిటినీ మించి మాటిమాటికీ పెట్టాలి. మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి.

పెట్టటమంటే గిన్నె పిల్ల ముందు పెట్టి మన పని మనం చూసుకోవటం కాదని చంటిపిల్లకు ఒక్కపూట తినిపించిన వాళ్ళకెవరికైనా తెలుసు. మెదపాలి, చల్లార్చాలి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. మొదటి ముద్ద నాలుకతో బయటికి తోసేస్తుంది. ఇష్టం లేక కాదు, మింగటం ఇంకా చేతకాక. మళ్ళీ పెట్టాలి. కాకిని చూపించాలి, కుక్కను పిలవాలి. మూతి తిప్పుకుంటే ఆగాలి, కాసేపాగి మళ్ళీ పిలవాలి. సగం గౌను మీద పడుతుంది. మూతి కడగాలి, గిన్నె కడగాలి, గౌను మార్చాలి. ఎంత చురుకైన మనిషికైనా ఒక్కోసారికి అరగంట. రోజుకు నాలుగైదు సార్లంటే రెండు గంటలు దాటుతుంది, వండే సమయం కలపకుండానే. ఈ రెండు గంటలూ ఒకచోట కుప్పగా ఉంటే ఎలాగో సర్దుకోవచ్చు. అవి పొద్దుటి నుంచి రాత్రి దాకా రోజంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. అంటే పిల్ల దగ్గర రోజంతా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి వేరే పని ఉండకూడదు. కూలి మీద బతికే ఇంట్లో అలాంటి మనిషి ఎక్కడి నుంచి వస్తుంది?

చాలా ఇళ్ళలో ఆ మనిషి పిల్ల అక్క. ఎనిమిదేళ్ళదో తొమ్మిదేళ్ళదో. చంకలో తమ్ముణ్ణి వేసుకుని గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్లను మన సర్వేలలో 'బడి మానేసిన బాలిక' అని ఒక కాగితం మీద రాస్తాం, చంకలో ఉన్నవాణ్ణి 'తక్కువ బరువు' అని ఇంకో కాగితం మీద రాస్తాం. రెండు ప్రాజెక్టులు, రెండు బడ్జెట్లు, రెండు ట్రైనింగులు. ఆ ఇద్దరూ ఒకే గుమ్మంలో ఒకే కారణంగా ఉన్నారన్న సంగతి ఏ కాగితంలోనూ చేరదు.

ఇంట్లో ఉండి పనిచేసే వాళ్ళకైనా సులువా అంటే అదీ లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళ దగ్గర పిల్ల రోజంతా కళ్ళెదుటే ఉంటుంది. కానీ వాళ్ళ కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. లేచిన ప్రతిసారీ లెక్క తగ్గుతుంది. లేస్తే పొగాకు అంటిన చేతులు సబ్బుతో తోముకోవాలి, పెట్టాలి, మళ్ళీ కూర్చోవాలి. రోజుకు నాలుగైదు సార్లు అలా లేచే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇక చట్టం సంగతి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు ఇచ్చారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే నిబంధనలు ఉన్నాయి. మంచిదే, కాదనను. కానీ 26 వారాలంటే ఆరు నెలలు. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే పిల్ల నోట్లో మొదటి ముద్ద పడే వేళకు తల్లి సెలవు అయిపోతుంది. పాలివ్వటానికి తల్లి కావాలని చట్టం ఒప్పుకుంది. అన్నం పెట్టటానికి ఎవరు కావాలో అది ఆలోచించలేదు. 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని రాశారు, ఆ కేంద్రానికి స్త్రీ రోజుకు నాలుగు సార్లు వెళ్ళి రావచ్చని కూడా రాశారు. స్త్రీ! తండ్రి వెళ్ళి ఒక పూట తినిపించి రావచ్చన్న ఊహ కూడా చట్టం రాసినవాళ్ళకు రాలేదు. అంతకు ముందు చట్టాలు ఇంకా ముచ్చటగా ఉండేవి. ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేస్తేనే, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 50 మందికి మించి ఆడవాళ్ళుంటేనే పిల్లలకు గది. మేస్త్రీలు, తాపీ పనివాళ్ళు, రాడ్లు వంచేవాళ్ళు వందమంది మగవాళ్ళున్నా లెక్కలోకి రారు. వాళ్ళకు పిల్లలు లేరు మరి! 49 మంది ఆడవాళ్ళను పెట్టుకున్న కాంట్రాక్టరుకూ బాధ్యత లేదు.

ఇదంతా జీతం రాళ్ళు, హాజరు పట్టీ ఉన్నవాళ్ళ మాట. పత్తి ఏరే ఆమెకు ఏముంది? 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రభుత్వోద్యోగులు కాని ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి కాన్పుకు మాత్రమే, 5,000 అయింది. 2022 నుంచి రెండో కాన్పుకు 6,000 ఇస్తున్నారు, కానీ ఆడపిల్ల పుడితేనే. మగపిల్లవాణ్ణి కన్న తల్లికి పచ్చి ఒళ్ళు ఉండదని కాబోలు. 5,000 రూపాయలను ఆ 26 వారాల మీద పంచి చూడండి, రోజుకు 27 రూపాయలు చిల్లర. ఆఫీసులో పనిచేసే ఆమెకు పూర్తి జీతం, చేలో పనిచేసే ఆమెకు 27 రూపాయలు. పనిచోట ఐదుగురు ఆరేళ్ళలోపు పిల్లలుంటే చూసుకోవటానికి ఒక స్త్రీని పెట్టి కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. ఆ ఆయా మీరు తిరిగిన ఎన్ని పనిచోట్ల కనిపించిందో కార్యకర్తలుగా మీరే చెప్పండి.

ఇన్నేళ్ళ అవగాహన సదస్సుల ఫలితమేమిటో కూడా చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలలో తల్లిపాలతో పాటు మెత్తటి తిండి అందుతున్నవాళ్ళు 2015-16లో నూటికి 42.7, 2019-21లో 45.9. ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు పిల్లలలో సరిపడా తిండి, అంటే తగినన్ని సార్లు, తగినన్ని రకాలు అందుతున్నవాళ్ళు 9.6 నుంచి 11.3 అయ్యారు. అదే కాలంలో ఐదేళ్ళలోపు పిల్లలలో రక్తహీనత 58.6 నుంచి 67.1కి పెరిగింది. నూటికి 89 మంది పిల్లలకు తిండి సరిగా అందటం లేదంటే 89 మంది తల్లులకు బుద్ధి లేదని అర్థమా? ఒక క్లాసులో వందమందిలో 89 మంది తప్పితే పిల్లలను తిడతారా, పంతులును అడుగుతారా? ఇక్కడ మాత్రం తల్లినే బెంచీ ఎక్కించారు. సామెతలు కూడా అలాగే తగలడ్డాయి. అమ్మా పెట్టదు, అడుక్కూ తిననివ్వదట. నాన్న పెట్టడని ఒక్క సామెతా లేదెందుకు?

రాజ్యం తన వంతు తాను చేస్తున్నానంటుంది. పొట్లం ఇస్తున్నానంటుంది. నిజమే, ఇస్తోంది. తెలంగాణలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా పిల్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు. గుడ్ల విషయంలో మన రాష్ట్రాలను మెచ్చుకోవలసిందే. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీలో గుడ్డు పెట్టేది లేదని పట్టుబట్టినప్పుడు ఇక్కడ అలాంటి మడి కట్టుకోలేదు. కానీ గుడ్డు తనంతట తాను ఉడికి, ఒలుచుకుని, మెదుపుకుని పిల్ల నోట్లోకి పోదు కదా. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో మూడేళ్ళు నిండిన పిల్ల అంగన్‌వాడీలో కూర్చుని వేడన్నం తింటుంది. మూడేళ్ళలోపు పిల్లకు మాత్రం 'ఇంటికి తీసుకుపోయే రేషన్'. ఎవరికి తినిపించేవాళ్ళు ఎక్కువ అవసరమో వాళ్ళకే పొట్లం చేతిలో పెట్టి పంపేస్తున్నారు! ఆ పొట్లం ఇంట్లో పెద్దపిల్లలు తిన్నారని, ముసలాయన జావ కాచుకున్నాడని మళ్ళీ తల్లికే చీవాట్లు. ఆకలితో ఉన్న ఇంట్లోకి తినే వస్తువు పంపి, ఒక్కరే తినాలని ఆంక్ష పెట్టటం ఎవరి తెలివి? 2025 జూలై నుంచి ఆ పొట్లం తీసుకోవటానికి ఫోనులో ముఖం చూపించాలి. ఫోను ఆమె ముఖాన్ని గుర్తుపడుతుంది, ఆమె ఆ రోజు పోగొట్టుకున్న కూలిని గుర్తుపట్టదు.

పొట్లంలో ఏముందో కూడా అడగాలి. బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడితో పాటు చక్కెర, నూనె ఉంటాయి. పసిపిల్లలకు చక్కెర కలిపిన పదార్థాలు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలలో చెప్పింది. ఇక కంపెనీల సంగతి సరేసరి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ వివిధ దేశాలలో అమ్మే సెరెలాక్‌ను పరీక్ష చేయించి, మన దేశంలో అమ్మేదాంట్లో ఒక్కో పూటకు సగటున 2.7 గ్రాముల చక్కెర కలిపారనీ, జర్మనీలో అమ్మేదాంట్లో కలపలేదనీ బయటపెట్టింది. అక్కడి పిల్ల నాలుక వేరు, ఇక్కడి పిల్ల నాలుక వేరూనా! చక్కెర తగ్గిస్తూ వస్తున్నామని నెస్లే చెప్పుకుంది, గొడవ పెద్దదయ్యాక అదే ఏడాది చక్కెర కలపని రకాలను కూడా ప్రకటించింది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, దాని 2003 సవరణ రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలే ఉండకూడదంటున్నాయి. ఆ చట్టం మహిళా సంఘాలకూ ఆయుధమే, కానీ మనలో ఎంతమంది దాన్ని చదివాం? డబ్బా కొనే తల్లిని తప్పుపట్టటం మాత్రం చాలా తేలిక. పగలంతా పనికి పోయే మనిషికి, వేడినీళ్ళు పోసి కలిపితే రెండు నిమిషాలలో అయిపోయేది ఆశగా కనిపించటంలో వింతేముంది? ఆమె కొనుక్కుంటున్నది సమయం. ఆ సమయాన్ని మనమెవ్వరం ఇవ్వలేదు కాబట్టి కంపెనీ అమ్ముతోంది.

ఇక్కడ నాతో వాదించే స్నేహితురాళ్ళు ఉన్నారు. అంటే తెలియజెప్పటం దండగంటారా, ఆరో నెలలో ఏం పెట్టాలో నిజంగా తెలియని ఇళ్ళు లేవా అని వాళ్ళ ప్రశ్న. ఉన్నాయి. పళ్ళు వచ్చేదాకా ఏమీ పెట్టకూడదనే వాళ్ళున్నారు, గుడ్డు వేడి చేస్తుందనే వాళ్ళున్నారు, బిస్కెట్టును చాయిలో ముంచి పెట్టి అదే తిండి అనుకునే వాళ్ళున్నారు. చెప్పాలి. కానీ ఎలా చెబితే పనిచేసిందో చూడండి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 60 గ్రామాలలో 600 మంది తల్లులతో ఒక అధ్యయనం చేశారు. 2013లో అచ్చయింది. కొన్ని గ్రామాలలో మామూలు అంగన్‌వాడీ సేవలే. కొన్నిట్లో అదనంగా ఏం పెట్టాలో చెప్పారు. కొన్నిట్లో ఏం పెట్టాలో చెప్పటంతో పాటు, పిల్ల ఆకలినీ తృప్తినీ కనిపెట్టి, మాట్లాడుతూ తినిపించటం, ఆడించటం నేర్పారు. చెప్పినవాళ్ళు ఆ వూళ్ళలోని స్త్రీలే. శిక్షణ పొంది, ఏడాది పాటు మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకు వెళ్ళారు. పిల్లలు తినటం పెరిగింది, ఆడిస్తూ తినిపించటం నేర్పిన చోట మానసిక వికాసం కూడా మెరుగుపడింది. నాకు ఇందులో కనిపించేది ఇది: ఒక మనిషికి పని అప్పజెప్పి, ఒక్కో ఇంటికీ సమయం కేటాయించి, ఏడాది పొడుగునా పంపించారు. మైకు, టెంటు, ఒక పూట సదస్సు దీనితో సమానం కావు. మన రిపోర్టులలో మాత్రం 'ఇంతమంది తల్లులకు అవగాహన కల్పించాం' అని అంకె వేస్తే సరిపోతోంది.

ఇంకో రకం వాదన కూడా ఈమధ్య ఎక్కువైంది. అమ్మమ్మల కాలం నాటి ఉగ్గు ఏమైంది, ఆ రోజులే మేలు అని. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, విసిరి, నెయ్యి వేసి పెట్టే ఉగ్గు మంచి తిండే, సందేహం లేదు. కానీ ఏ అమ్మమ్మ? నెయ్యి, పెసరపప్పు, తీరిక ఉన్న ఇంటి అమ్మమ్మ. జీతానికి కుదిరిన ఇంటి అమ్మమ్మ దొర పొలంలో నాటు వేస్తూ, గట్టు మీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టి గంజి తాగించింది. అన్నప్రాశనకు ముహూర్తం, మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల, ముందర పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి ఏది పట్టుకుంటాడోనని చూడటం, ఫోటోలు, భోజనాలు. మొదటి ముద్ద మేనమామో తండ్రో పెడతాడు. రెండో ముద్ద నుంచి వాళ్ళు మళ్ళీ కనిపించరు. 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. అసలు ముట్టుకోని మగవాళ్ళు ఆ సగటులో లేనే లేరు. సాయంత్రం ఇద్దరూ చేలోంచే వస్తారు. అతను అరుగు మీద కూర్చుంటాడు, ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటుంది. అరుగు మీద కూర్చుని కూడా పిల్లకు తినిపించవచ్చని మన పోషణ మాసం పోస్టర్ల మీద ఒక్క బొమ్మయినా వేశారా? అన్ని పోస్టర్ల మీదా చీర కట్టుకున్న తల్లే.

మరి ఏం చెయ్యాలి? ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలను పగలంతా ఉంచుకుని, వేడిగా వండి, నాలుగుసార్లు తినిపించి, నిద్రపుచ్చే చోటు ప్రతి వూళ్ళోనూ కావాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1969లో ఢిల్లీలో కట్టడం పనుల దగ్గర మట్టిలో పడి ఉన్న పసిపిల్లలను చూసి మీరా మహదేవన్ మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ అడవి గ్రామాలలో ఇదే వయసు పిల్లలకు 'ఫుల్వారీ' కేంద్రాలు నడిపింది. కర్నాటక 2023లో 'కూసిన మనె' పేరుతో ఉపాధి కూలీల పిల్లలకు 4,000 గ్రామ పంచాయతీలలో కేంద్రాలు ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో 'పాల్నా' పథకం కింద అంగన్‌వాడీలలో శిశు సంరక్షణ కేంద్రాలు కలపాలనుకుంది. లక్ష్యం 2025-26 నాటికి 17,000. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. అనుకున్నవన్నీ పెట్టినా నూటికి ఒకటి పైచిల్లర! మేము మండలానికి కొన్నయినా పెట్టమని అడగటానికి వెళితే ఒక అధికారి నవ్వి, "అన్నప్రాశన నాడే ఆవకాయ కావాలంటే ఎట్లాగమ్మా" అన్నాడు. అర్ధ శతాబ్దం నడిచిన పథకానికి ఇంకా అన్నప్రాశన కాలేదన్నమాట.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పనిని ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన, ఆయా నెత్తిన ఇంకో మూటలా పెడతామంటే మనం ఒప్పుకోకూడదు. తల్లికి జీతం లేని చాకిరీని తీసి, ఇంకో ఆడమనిషికి గౌరవ వేతనం చాకిరీగా అంటగట్టటం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ ఉద్యోగినులు 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం వాళ్ళ మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. సమ్మె చేసినప్పుడు మాత్రం అది అత్యవసర సేవ, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ! వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. శిశు సంరక్షణ కేంద్రానికి వేరే మనుషులు, కనీస వేతనానికి తగ్గని జీతం, విడిగా వంటమనిషి ఉండాలి. వేళలు ఆఫీసు వేళలు కాకూడదు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, మిరపకాయ కోతలప్పుడు పొద్దున ఆరున్నరకు తెరిచి, ఆడవాళ్ళు తిరిగొచ్చేదాకా ఉండాలి. దీనితో పాటు పత్తి ఏరే ఆమెకూ ఆరు నెలల కనీస కూలి ప్రసూతి భృతిగా అందాలి, ఎన్నో కాన్పు, ఏ బిడ్డ అనే ప్రశ్న లేకుండా.

డబ్బెక్కడిదంటారు. రోడ్లకు, విగ్రహాలకు ఎక్కడిదో అక్కడిదే.

మీ వూళ్ళలో వచ్చే సర్వేకు ముందు మన ఫారాలు మారుద్దామని నా కోరిక. 'మీ బిడ్డకు ఏడో నెలలో ఏమేం పెట్టారు' అనే ప్రశ్న అలాగే ఉండనివ్వండి. దాని పైన ఇవి చేర్చండి: పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, వాళ్ళ వయసెంత, బడికి పోతున్నారా, ఎన్ని గంటలు చూసుకుంటారు, అందుకు వాళ్ళకు ఏమైనా ఇస్తున్నారా, తండ్రి నిన్న ఎన్నిసార్లు తినిపించాడు, తల్లి ఒక పూట ఆగితే ఎంత కూలి పోతుంది. మూడేళ్ళలోపు పిల్లల జాబితా వూరివారీగా తయారుచేసి, ఈ జవాబులు జతపరచి, గ్రామసభలో తీర్మానం చేయించి, ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. మేము నాలుగు వూళ్ళలో ఇప్పటికే ఇచ్చాం. మూడు చోట్ల రసీదు ఇచ్చారు. నాలుగో చోట, దీనికి బడ్జెట్ పద్దు లేదు కాబట్టి కాగితం తీసుకోమన్నారు. ఆ వూరి ఆడవాళ్ళు నాట్ల పనులు మొదలయ్యే రోజున పిల్లలందరినీ ఎత్తుకుని ఆ ఆఫీసుకే పోదామనుకుంటున్నారు, గిన్నెలూ చెంచాలూ తీసుకుని.